సమాధానం: మూడు ఎలుకల్లో ఒకటి గంటలోనే చనిపోయింది, పసుపు సారం విషమా?

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. పసుపు సారం విషమో కాదో తేల్చే పరీక్షలో మూడు ఎలుకలకు కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల చొప్పున గొట్టంతో నోటి ద్వారా కడుపులోకి ఇస్తే ఒకటి చనిపోయింది, మిగతా రెండూ హుషారుగా ఉన్నాయన్నావు. నాకైతే సారం కంటే గొట్టం మీదే అనుమానం. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ఎలుక ఎగశ్వాస తీసి, ముక్కులో నురగతో నిమిషాల్లో పోతుంది.

చనిపోయిన ఎలుకను కోసి చూశావా? దుగ్గిరాల పసుపు నీకు చేసే మేలు ఇక్కడే: రంగు అబద్ధం చెప్పదు. శ్వాసనాళంలో, ఊపిరితిత్తుల్లో పసుపు కనిపిస్తే పొరపాటు చేతిది. అక్కడ శుభ్రంగా ఉండి కాలేయంలోనో పేగుల్లోనో మార్పుంటే సారాన్ని అనుమానించాలి. సారం తీయడానికి ఆల్కహాల్ వాడి ఉంటే అది పూర్తిగా ఆరిందో లేదో కూడా చూడు.

180 గ్రాముల ఎలుకకు 360 మిల్లీగ్రాములు. 100 గ్రాముల బరువుకు మామూలుగా 1 మి.లీ. దాటకూడదు కనుక 1.8 మి.లీ.లోనే అంతా పట్టించి ఉంటావు. అంత చిక్కటి ద్రవం గొట్టంలో సులువుగా దిగదు, చెయ్యి బలం పెడుతుంది. సగం పలచన చేసి, 24 గంటల్లోపు రెండు విడతలుగా ఇవ్వు. మందుల విషప్రభావాన్ని జంతువుల మీద పరీక్షించే అంతర్జాతీయ మార్గదర్శకం ఓఈసీడీ 423 అందుకు ఒప్పుకుంటుంది.

అదే పద్ధతిలో మూడింట ఒకటి పోతే అదే మోతాదు మరో మూడింటికి ఇవ్వాలి, రెండు పోతే కిలోకు 300 మిల్లీగ్రాములకు దిగాలి. చనిపోయినదాన్ని మాత్రం లెక్కలోంచి తీసేయకు, కారణంతో సహా రాయి. అది ప్రాణం ఇచ్చింది. అదనపు ఎలుకలు కావాలంటే ముందు మీ కాలేజీ జంతు నైతిక కమిటీకి చెప్పు. బతికినవాటిని 14 రోజులూ రోజూ చూడు, బరువులు రాసుకో.