ఆయన ఏదో మాటవరసకి అంటారు, నేను వెంటనే ఫోన్ తీస్తాను

ప్రశ్న: పెళ్ళై పన్నెండేళ్ళు. మా ఆయన మంచివారే, కానీ ప్రతిదాని మీదా ఏదో ఒక మాట పడేస్తుంటారు. పచ్చసొన తింటే గుండెకి చేటట, గోల్డ్‌ఫిష్‌కి మూడు సెకన్లకి మించి ఏదీ గుర్తుండదట, ఎర్రగుడ్డ చూస్తే ఎద్దుకి కోపమట, ఇక న్యూస్ పెడితే ఈ ప్రపంచం పని ఐపోయిందట. నేను ల్యాబ్‌లో పని చేస్తాను, తప్పు వింటూ ఊరుకోలేను, అక్కడికక్కడే ఫోన్‌లో చూసి చూపిస్తాను. ఈమధ్య మా కుక్కకి చాక్లెట్ ముక్క పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను, అదే రోజు రాత్రి వాళ్ళ ఫ్రెండ్స్ ముందు ఎద్దు సంగతి తప్పని చూపించాను. "నీతో మాట్లాడాలంటే ప్రూఫ్‌లు వెంట పెట్టుకుని రావాలా" అన్నారు. అప్పట్నుంచి భోజనం దగ్గర మాటల్లేవు. పదేళ్ళ మా బాబు కూడా "నాన్నా, చెక్ చేశావా?" అనడం మొదలెట్టాడు. నేను చెప్పినవన్నీ కరెక్టే కదా, మరి తప్పు నాదెలా అయింది?

జవాబు: ముందు మీకు కావాల్సిన సర్టిఫికెట్ ఇచ్చేస్తానండి, మీరు చెప్పినవి కరెక్టే. ఎద్దు కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే, మనకి మూడు, అందుకని ఎరుపు దానికి మనకి కనిపించినట్టు కనపడదు, అది మీదకి ఉరికేది గుడ్డ ఊగుతుంటే చూసి. గోల్డ్‌ఫిష్‌కి ఏదైనా అలవాటు చేస్తే నెలల తర్వాత కూడా గుర్తుంచుకుంటుంది. మార్కులు మీకే. ఐతే మార్కులు పడ్డాక ఇంట్లో మాటలు ఎందుకు ఆగిపోయాయి అన్నది కదా మీ అసలు బాధ, దాని గురించి మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో చాక్లెట్‌నీ ఎద్దునీ ఒకే వరసలో రాసేశారు, నాకు చిక్కు అక్కడే కనిపించింది. చాక్లెట్ దగ్గర మీరు చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని. అందులో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది, మన ఒంట్లో త్వరగానే అరిగిపోతుంది గానీ కుక్క ఒంట్లో గంటల తరబడి ఉండిపోతుంది, డోస్ ఎక్కువైతే వాంతులు, గుండె దడ, ఫిట్స్ దాకా పోతుంది, డార్క్ చాక్లెట్ ఐతే ఇంకా ప్రమాదం. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీల మీద పడతాయి, ఉల్లిపాయ ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ కుక్క రక్తంలో షుగర్‌ని ఒక్కసారిగా పడేస్తుంది. "కొంచెం పెడితే ఏమవుతుందిలే" అని ఎవరైనా అంటే అక్కడ వాళ్ళ మనసు నొచ్చుకుంటుందేమో అని చూడక్కర్లేదు. ఏడాది నిండని పసిబిడ్డకి తేనె నాకించమన్నా అంతే, అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్స్, అంటే వాటి విత్తనాల్లాంటివి, ఉండొచ్చు, మొహమాటపడకుండా ఆపాల్సిందే. నేను చూసేది ఒకటే, ఆయన ఆ మాట అన్నాక చెయ్యి కూడా కదుల్తోందా? కదిలితే ఆపండి. గోల్డ్‌ఫిష్ గురించి ఆయన జీవితాంతం తప్పుగా అనుకున్నా ఆ చేపకి వచ్చే నష్టమేం లేదు కదా.

మరి నష్టం లేని మాటలు ఆయన ఎందుకు అంటారు అంటారా... పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడాలని అంటారు, అంతేనండి. ఆఫీసు నుంచి వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, టీవీలో ఏదో జంతువు కనిపిస్తే "వీటికి మూడు సెకన్లే గుర్తుంటుందట" అనడం మీకేదో పాఠం చెప్దామని కాదు, మీరు కూడా ఒక మాట కలుపుతారేమో అని. జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ కొత్తగా పెళ్ళైన జంటల మీద పని చేసి దీన్నే పట్టుకున్నారు, ఒకళ్ళు ఇలాంటి చిన్న మాట అన్నప్పుడు రెండోవాళ్ళు అటు తిరిగి అందుకుంటున్నారా లేదా అని. ఆరేళ్ళ తర్వాత చూస్తే కలిసి ఉన్న జంటల్లో అలా అందుకున్నది 86 శాతం సార్లు, విడిపోయిన జంటల్లో 33 శాతం. అందుకోవడం అంటే ఒప్పుకోవడం కాదండోయ్, "అవునా, ఎవరు చెప్పారు నీకు?" అని నవ్వినా అందుకున్నట్టే. మీరేమో ఆయన మాట పూర్తవకుండానే ఫోన్ తీసి తల దించుకుని టైప్ చేస్తున్నారు, అంటే ఆయన మీ వైపు చూస్తుంటే మీరు స్క్రీన్ వైపు చూస్తున్నారు, ఆ ఇరవై సెకన్లు ఎదుటి మనిషికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి, పేపర్ దిద్దుతుంటే నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది.

పచ్చసొన విషయంలో మాత్రం మీ ఆయన పక్షాన ఒక మాట. ఆయన ఊరికే ఊహించి అనలేదు. రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటొద్దని, వారానికి మూడు పచ్చసొనలు చాలని 1968లో సాక్షాత్తూ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది, ఒక్క పచ్చసొనలోనే సుమారు 186 ఉంటుంది కాబట్టి రెండు తింటే లెక్క దాటిపోతుంది. ఆ 300 అంకెని అమెరికా ప్రభుత్వం తన ఆహార సలహాల్లోంచి తీసేసింది 2015 తర్వాతే. అంటే ఆయన చిన్నప్పుడు విన్నది అప్పటి డాక్టర్ల మాటే. ల్యాబ్‌లో ఉన్న మీకు నేను చెప్పాలా, ఇవాళ మీరు ఫోన్‌లో చూపించేది కూడా రేపు మారొచ్చు.

సరే, తప్పు వింటే ఒళ్ళు మండుతుంది, ఊరుకోలేను అంటారు, అర్థమైంది. అలాంటప్పుడు "కాదు" అనకుండా "అదెలా?" అని అడిగి చూడండి, వెటకారంగా మాత్రం వద్దు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. రోజెన్‌బ్లిట్, కైల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2002లో ఒక స్టడీ చేశారు, జిప్ ఎలా పనిచేస్తుంది, తాళం ఎలా తిరుగుతుంది, టాయిలెట్ ఫ్లష్ ఎలా పనిచేస్తుంది, ఇవి మీకు ఎంత బాగా తెలుసు అని అడిగితే జనం ధీమాగా మార్కులేసుకున్నారు, సరే వివరంగా రాయండి అన్నాక మళ్ళీ అడిగితే వాళ్ళ మార్కుల్ని వాళ్ళే తగ్గించుకున్నారు. ఎవరూ వాళ్ళని తప్పు పట్టలేదు, వివరించబోతే వాళ్ళకే తెలిసొచ్చింది. ఇది మీ ఆయనకే కాదు, మనందరికీ వర్తిస్తుంది. "ఎద్దుకి ఎరుపంటే కోపం ఎందుకంటావ్?" అని అడిగితే ఆయనే కాసేపు ఆలోచించి "ఏమో, అందరూ అంటారు" అని నవ్వేస్తారు, కథ ముగిసింది, ఎవరూ ఓడిపోలేదు. ఫ్రెండ్స్ ముందు ఐతే అది కూడా వద్దు, ఇంటికొచ్చాక చెప్పొచ్చు లేదా అసలు చెప్పకపోయినా పర్లేదు.

ఇక న్యూస్. "ప్రపంచం పని ఐపోయింది" అన్నప్పుడు మీరు దానికీ లెక్కలు తీసే ఉంటారు. లెక్కలు ఉన్నాయి కూడా, 1990లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 93 మంది ఐదేళ్ళలోపే పోయేవారు, 2022కి అది 37కి వచ్చింది, ఆ లెక్కన ప్రపంచం బాగుపడిందనే అనాలి. కానీ రోజంతా పని చేసి వచ్చి యుద్ధాలు, వరదలు చూస్తూ నిట్టూర్చిన మనిషికి ఆ అంకె చెప్తే ఏం లాభం? ఆ మాటలో వార్త కన్నా ఆయన అలసటే ఎక్కువ ఉందేమో, "ఏంటి, ఇవాళ ఆఫీసులో ఏమైంది?" అని అడిగితే అసలు సంగతి బయటికి రావచ్చు. ఒక్క చోట మాత్రం నేను ఊరుకోమనను. "ఆ దేశం వాళ్ళంతా అంతే" లాంటి మాట బాబు ముందు వస్తే వదలకండి, పిల్లలు విన్నది విన్నట్టు బళ్ళోకి పట్టుకెళ్తారు, అవతల ఆ మాట పడే పిల్లాడు ఉంటాడు. అప్పుడు కూడా ఫోన్ అక్కర్లేదు, "అందరూ అంటే నేనొప్పుకోను" అని మీ మాటగా చెప్పండి చాలు.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా ఉండే విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో ఆయన అభిప్రాయాలు నాలుగైదు ఉన్నాయి, మీవి ఒక్కటీ లేవు. మీ దగ్గర ఉన్నవన్నీ దిద్దుబాట్లే! మీకు ఏ జంతువంటే చిరాకు, ఏ కూర పేరు చెప్తే లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది, పిల్లులకి మనుషులంటే అసలు లెక్కే లేదని మీకెప్పుడూ అనిపించలేదా? ఆధారం లేని మాట ఒకటి మీరూ అనండి, పనికిరానిదైనా సరే, ఆయన కాదంటే వాదించండి, గెలవాలని లేకుండా. కరెక్ట్‌గా ఉండాల్సిన పని ల్యాబ్‌లో ఎలాగూ ఉంది కదా.

బాబు సంగతి ఆలస్యం చెయ్యొద్దు. వాడు "చెక్ చేశావా" అన్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకళ్ళు నవ్వుతుంటారు, బహుశా మీరే. చెక్ చేసే అలవాటు మంచిదే, నాన్నని చిన్నబుచ్చడానికి వాడితే మాత్రం కాదు. డౌట్ వస్తే నాన్నా నువ్వూ కలిసి వెతకండిరా అని ఇద్దర్నీ కూర్చోబెట్టండి, మీరు వంటింట్లోంచి జవాబు అందించకుండా ఉంటే చాలు.

మౌనం ఎలా విరవాలి అంటే, పెద్ద సీన్ ఏం వద్దు. చాక్లెట్ విషయంలో సారీ చెప్పకండి, అది అవసరం లేదు, చెప్తే అబద్ధం అవుతుంది. ఫ్రెండ్స్ ముందు చేసినదానికి మాత్రం "అలా అందరి ముందు చూపించి ఉండకూడదు" అని ఒక్క వాక్యం, వెనకాల "కానీ నువ్వు కూడా..." అని తగిలించకుండా. ఫోన్‌ని భోజనం ఐపోయేదాకా వేరే గదిలో పెట్టండి. మొదటి వారం ఆయన ముక్తసరిగానే మాట్లాడొచ్చు, పట్టించుకోకండి. ఇదంతా చేశాక కూడా రెండు మూడు నెలలు అలాగే బిగుసుకుని ఉంటే మాత్రం కోపం ఈ మాటల మీద కాదు, అడుగున ఇంకేదో ఉంది, అప్పుడు ఒక్కరే రాయకుండా ఇద్దరూ కలిసి ఒక ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి.