ముందు బోర్డు విప్పు, తర్వాత కొను

చి. మేనల్లుడికి, మామ ఆశీస్సులు.

కావలి ఇంట్లో నడిమింటి ఫ్యానూ ట్యూబులైటూ ఫోనుతో నడవాలని రాశావు. ఏ కంపెనీది కొనాలని అడిగావు గానీ, అంతకంటే ముందు తేలాల్సింది మీ బోర్డులోకి న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే తీగ) వచ్చిందా లేదా అన్నది. అది తేలేదాకా పైసా ఖర్చుపెట్టొద్దు.

మామూలు స్విచ్చికి ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, ఒక్కటి చాలు. స్విచ్చి వెనక పెట్టే, ఫోను మాట వినే చిన్న డబ్బా, అదే వైఫై మాడ్యూలు, అట్ట కాదు, లైటు ఆపినా అది లోపల మేలుకునే ఉండాలి. అందుకు ఫేజూ న్యూట్రలూ రెండూ కావాలి. పాతిళ్లలో చాలాచోట్ల న్యూట్రల్ పైనుంచి పైనే హోల్డరుకు పోతుంది, కింద బోర్డుకి దించరు. అదే బోర్డులో ప్లగ్గు సాకెట్టు ఉంటే నీ పని సులువు, దానికోసం న్యూట్రల్ దించే ఉంటారు. సాకెట్టుకు ఎదురుగా నిలబడితే పైన లావు రంధ్రం ఎర్తు, కుడిది ఫేజు, ఎడమది న్యూట్రల్. ఉండాల్సిన పద్ధతి అది. తారుమారు చేసిన వైరింగులూ ఉంటాయి కాబట్టి తీగ రంగును నమ్మక టెస్టరు పెట్టి చూడు. న్యూట్రల్ దొరకలేదని ఎర్తు తీగకు మాత్రం కలపొద్దు. కలిపితే మాడ్యూలు శుభ్రంగా పనిచేస్తుంది, భయం కూడా అందుకే. ఆ ఎర్తు ఎక్కడన్నా తెగిన రోజు ఫ్రిజ్జు బాడీకీ గ్రైండరు బాడీకీ కరెంటు ఎక్కుతుంది.

విప్పేముందు మెయిన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టరు కూడా ఆపు. మెయిన్ పడినా ఇన్వర్టరు లైనులో 230 వోల్టులు అట్టే ఉంటాయి. ఫ్యాను ఆ లైను మీదుంటే న్యూట్రల్ కూడా ఆ లైనుదే ఇవ్వాలి. పక్క గదిది లాగావంటే, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చి) ఉన్న ఇంట్లో అది ఊరికే పడిపోతుంటుంది.

ఇక ఫ్యాను. ముందు దాని ఆరోగ్యం చూడు. చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగులు పోయినట్టు. ఫుల్లు మీద కూడా నీరసంగా తిరుగుతుంటే ఎక్కువసార్లు కండెన్సరే కారణం. పాతదాని మీద ఎంత రాసుంటే అంతే వేయి, సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది. పెద్దది వేస్తే గాలి పెరుగుతుందనేవాళ్ల మాట వినొద్దు, వైండింగు వేడెక్కుతుంది.

స్పీడు కూడా ఫోనులోనే మార్చాలంటే ఫ్యానుకని చేసిన, కండెన్సర్లతో స్పీడు మార్చే మాడ్యూలు అడిగి తీసుకో. లైట్ల డిమ్మరు తగిలిస్తే చిన్న స్పీడులో మోటారు రాత్రంతా మూలుగుతుంది. ఫ్యాను మాడ్యూలు పెట్టాక పాత రెగ్యులేటరు ఉండకూడదు, దాని రెండు తీగల్నీ విప్పి రెగ్యులేటరును పక్కకు పెట్టేయి. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. రిసీవరును (ఫ్యాను దగ్గరే పెట్టే మాడ్యూలు) పైన ఫ్యాను కప్పులో పెట్టి, కింద రెగ్యులేటరు మూడు మీద వదిలేస్తారు. రిసీవరుకు కరెంటు సరిగ్గా అందక గంటకోసారి ఆగిపోతుంటే వైఫైని తిట్టుకుంటారు. రెగ్యులేటరు ఉంచుకోవాలనుంటే ఆన్, ఆఫ్ మాత్రమే చేసే మాడ్యూలు కొని, దాన్ని రెగ్యులేటరుకు ముందు పెట్టు. ఫేజు ముందు మాడ్యూలుకు, అక్కణ్ణుంచి రెగ్యులేటరుకు, తర్వాత ఫ్యానుకు. నన్నడిగితే మీ ఇంటికి ఇదే చాలు.

ట్యూబులైటుకు పాత చోకు ఉంటే తీసేయి. చోకు ఆపిన ప్రతిసారీ మాడ్యూలు లోపలి రిలేలో (దాని లోపల ఉండే చిన్న స్విచ్చి) నిప్పురవ్వ లేస్తుంది, కొన్నాళ్లకు కాంటాక్టులు అతుక్కుపోయి లైటు ఆరనే ఆరదు. 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ పెట్టుకో.

గోడ స్విచ్చి చచ్చిపోకూడదు. అమ్మ ఫోను వెతుక్కుని ఫ్యాను వేస్తుందా? మాడ్యూలు మీద ఎస్1, ఎస్2 అని ఉండేవి పాత స్విచ్చి కోసమే. చాలా మోడళ్లలో వాటికి స్విచ్చి రెండు తీగలే కలపాలి, ఫేజు తగిలితే మాడ్యూలు అక్కడికక్కడే కాలిపోతుంది. డబ్బాలో ఇచ్చిన బొమ్మ చూడకుండా కలపొద్దు.

మీది చెక్క బోర్డైతే లోపల చోటు బాగానే ఉంటుంది. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి ఉంటాయి, వదులుగా బిగిస్తే అక్కడే వేడెక్కి నల్లబడతాయి. తీగ కొస నల్లగా ఉంటే ఆ ముక్క కత్తిరించి, మెరిసే రాగి కనబడేదాకా గీకి బిగించు.

ఫోనులో కలిపేటప్పుడు రూటరును 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పెట్టు, ఈ మాడ్యూళ్లలో చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ వైఫై కనబడదు. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగు యాప్‌లో ఉంటుంది. ఫ్యానుకు "ముందున్నట్టే" అనీ, లైటుకు "ఆఫ్" అనీ పెట్టు. లేకపోతే మే నెలలో అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు లైటు మొహాన వెలిగి ఫ్యాను ఆగిపోయుంటుంది.

బోర్డు విప్పాక, తీగ కదిలించకముందే ఒక ఫొటో తీసి పంపు. సాకెట్టు ఎడమవైపు తీగ స్పష్టంగా కనబడాలి.

మీ మామ