ఫెలోషిప్ ఆగాక, ఉద్యోగం వచ్చేదాకా: ఆ రెండేళ్ళకు డబ్బు ఎలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. నాన్న పొగాకు రైతు, అమ్మ అంగన్‌వాడీ కార్యకర్త. నేను హైదరాబాదులో అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పరిశోధన మన జిల్లా పొదుపు సంఘాల మీద. యూజీసీ ఫెలోషిప్ నెలకు 42,000 వస్తుంది, ఇంకో 14 నెలలే ఉంది. ఇంటికి 12,000 పంపుతాను (తమ్ముడి బీటెక్ వచ్చే మే నెలతో అయిపోతుంది). నెల్లూరులో ఒక రిజిస్టరైన కంపెనీలో నెలకు 10,000 చీటీ కడుతున్నాను. 20 నెలల చీటీలో 11 నెలలు మిగిలాయి, ఇంకా పాడలేదు. హాస్టలు, మెస్సు, సొంత ఖర్చులు కలిపి 12,000 అవుతాయి. బ్యాంకులో 2,60,000 ఉంది. అధ్యాపక వృత్తి కంటే ప్రభుత్వంలో, విధానాల రూపకల్పనలో పనిచేయాలని ఉంది. ఢిల్లీలో ఏడాది సివిల్స్ కోచింగుకు, ఉండడానికి కలిపి 4 లక్షలు అవుతాయట. అమ్మ తన నగలు కుదువ పెడతానంటోంది. వచ్చే మార్చికి 30 నిండుతాయి. మేము బీసీ-డి. ఢిల్లీ వెళ్ళనా? లేక గెస్ట్ లెక్చరర్‌గా చేరిపోనా? ఈలోగా మా బంధువు ఒకరు ఏడాదికి 60,000 ప్రీమియం ఉన్న పాలసీ తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఉత్తరం చదివాక నాకు ముందు కనిపించింది మీ బ్యాంకు నిల్వ కాదమ్మా, మార్చి నెల. మీరు వెళ్ళాలనుకుంటున్న దారిలో డబ్బు కంటే ముందు అయిపోయేది వయసు. కాబట్టి ముందు వయసు లెక్క చూద్దాం, తర్వాత డబ్బు.

అర్థశాస్త్రం చదివినవారికి కేంద్ర ప్రభుత్వంలో విధానాల పనికి నేరుగా తీసుకెళ్ళే పరీక్ష ఇండియన్ ఎకనామిక్ సర్వీస్. దీన్ని యూపీఎస్సీయే నిర్వహిస్తుంది. రాత పరీక్ష 1000 మార్కులకు. అందులో 800 మార్కులు అర్థశాస్త్రానివే, మిగిలిన 200 ఇంగ్లీషుకు, జనరల్ స్టడీస్‌కు. ఇంటర్వ్యూకి ఇంకో 200. అంటే మీరు ఇన్నేళ్ళుగా చదువుతున్నదే అక్కడ అడుగుతారు. ఎంఏ ఉంటే చాలు, పీహెచ్‌డీ పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు. ఖాళీలు ఏటా పదుల సంఖ్యలోనే ఉంటాయి కాబట్టి తేలికని చెప్పను. కానీ పోటీకి వచ్చేవాళ్ళందరూ మీ సబ్జెక్టు వాళ్ళే. సివిల్స్‌లో ఇంజినీర్లు, డాక్టర్లతో కలిసి లక్షల మందిలో పరిగెత్తాలి.

వయసు దగ్గరే చిక్కు. ఈ పరీక్షకు జనరల్ కేటగిరీలో ఆ ఏడాది ఆగస్టు 1 నాటికి 30 నిండకూడదు. ఓబీసీలకు మూడేళ్ళ సడలింపు ఉంది, అంటే 33 నిండకూడదు. మీకు మార్చిలో 30 నిండుతాయి. ఓబీసీ సర్టిఫికెట్ లేకపోతే వచ్చే పరీక్షకే మీకు అర్హత ఉండదు. ఉంటే వచ్చే ఏడాది, ఆపై ఏడాది, దాని మరుసటి ఏడాది, మొత్తం మూడు సార్లు రాయొచ్చు. ఒక్క కాగితంతో మూడు అవకాశాలు వస్తున్నాయి. మీరు కోచింగుకు పెడదామనుకుంటున్న 4 లక్షల కంటే దీని విలువ ఎక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడతారు. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు. మీ కులం పేరు ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కేంద్ర జాబితాలో ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. ఉంటే కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌కు (మీది సంపన్న శ్రేణి కుటుంబం కాదని చెప్పే కాగితం) మీ ఊరి సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. తహసీల్దారు సంతకంతో వస్తుంది. కాలేజీ సీటుకు తీసుకున్న పాత కుల ధ్రువీకరణ పత్రం ఇక్కడ పనికిరాదు. క్రీమీలేయర్‌కు 8 లక్షల పరిమితి అనగానే కొందరు భయపడి ఊరుకుంటారు. ఆ లెక్కలో వ్యవసాయ ఆదాయాన్నీ జీతాన్నీ కలపరు. చూసేది తల్లిదండ్రుల స్థితినే, మీ ఫెలోషిప్‌ను కాదు. నాన్నగారి పొగాకు డబ్బు గురించి, అమ్మగారి గౌరవ వేతనం గురించి టెన్షన్ పడక్కర్లేదు.

రెండో దారి రిజర్వ్ బ్యాంకు. అందులో ఆర్థిక విధాన పరిశోధన విభాగానికి గ్రేడ్ బి అధికారులను విడిగా తీసుకుంటారు. ప్రశ్నపత్రాల్లో అర్థశాస్త్రానిదే పెద్ద వాటా. మామూలుగా 30 ఏళ్ళ పరిమితి, పీహెచ్‌డీ ఉన్నవారికి 34. అయితే డిగ్రీ చేతికి వచ్చి ఉండాలి, థీసిస్ సమర్పించానంటే సరిపోదు. అందుకే పరీక్షల హడావిడిలో థీసిస్‌ను పక్కన పెట్టకండి. దాన్ని పూర్తి చేయడమే ఈ దారిలో మీకు నాలుగేళ్ళు కలిపి ఇస్తుంది.

సివిల్స్‌కు మీ కేటగిరీలో 35 ఏళ్ళ దాకా, తొమ్మిది ప్రయత్నాల దాకా వీలుంది. మన గ్రూప్-1కు 2023 నోటిఫికేషన్‌లో జనరల్ వాళ్ళకే 42 దాకా ఇచ్చారు. ఈ రెండూ ఇంకొన్నాళ్ళు ఆగినా మీకు అందుబాటులోనే ఉంటాయి. ముందు మూసుకుపోయే తలుపు దగ్గరికి ముందు వెళ్ళాలి. ఎంపీల దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్ గురించి విని ఉంటారేమో, అది 25 ఏళ్ళ లోపు వారికి.

ఈ లెక్కంతా చూస్తే ఢిల్లీ అవసరం నాకు కనిపించడం లేదు. మీ చదువుకు సరిపోయే పరీక్షలు వేరు, ఆ 4 లక్షలు అడుగుతున్న పరీక్ష వేరు. అమ్మగారి నగల మీద నెలకు నూటికి ముప్పావలా వడ్డీ పడినా 4 లక్షలకు నెలకు 3,000, ఏడాదికి 36,000. ఆదాయం లేని ఏడాదిలో ఆ వడ్డీ ఎవరు కడతారు? గడువు తీరేనాటికి మీరు ఇంకా ఫలితం కోసం ఎదురుచూస్తుంటారు. నగలు బీరువాలోనే ఉండనివ్వండి. మీ పరిశోధన గైడు, లైబ్రరీ, పాత ప్రశ్నపత్రాలు, మీతోపాటు రాసే ఇద్దరు ముగ్గురు స్నేహితులు చాలు. యూపీఎస్సీ పరీక్షలకు ఆడవాళ్ళకు ఫీజు కూడా లేదు.

ఇక డబ్బు. మీ 42,000లో ఇంటికి, చీటీకి, సొంత ఖర్చుకు పోగా నెలకు 8,000 మిగలాలి. ఆ 8,000ను ఫెలోషిప్ జమ అయిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి, 14 నెలలకు 1,12,000. చీటీని మధ్యలో పాడకండి. తొందరపడి పాడితే తగ్గించుకున్న మొత్తం నష్టమే, పైగా ఆ డబ్బుతో ఇప్పుడు మీకు పనిలేదు. చివరిదాకా ఉంచితే కమీషన్ పోను 1,90,000 దాకా చేతికొస్తుంది. అది ఫెలోషిప్ ఆగడానికి మూడు నెలల ముందే వస్తుంది, ఇది మీకు బాగా కలిసొచ్చింది. ఇప్పుడున్న 2,60,000 కూడా కలిపితే మొత్తం 5,62,000.

ఫెలోషిప్ ఆగాక హైదరాబాదులో గది, భోజనం కలిపి నెలకు 15,000 అనుకుందాం. రెండేళ్ళకు 3,60,000. పుస్తకాలకు, ప్రయాణాలకు, ఇంటర్వ్యూలకు ఇంకో 50,000. ఇంకా 1,52,000 మిగులుతుంది. అంటే ఎవరి దగ్గరా చేయి చాచకుండా, నగలు ముట్టుకోకుండా, రెండేళ్ళ పాటు మీరు నిలబడగలరు. మూడు పరీక్షల్లో మొదటిది ఫెలోషిప్ ఉండగానే వస్తుంది. మిగతా రెండూ ఈ రెండేళ్ళలోనే పడతాయి. మీరు ఎంత బాగా పొదుపు చేశారో ఈ అంకెలే చెబుతున్నాయి. ఇంత చేసుకుని కూడా అప్పు గురించి ఆలోచించాల్సి రావడం నాకు బాధ కలిగించింది.

కానీ ఈ లెక్క నిలబడాలంటే ఒక షరతు ఉంది. ఫెలోషిప్ ఆగాక ఇంటికి 12,000 పంపడం కూడా ఆగాలి. తమ్ముడి చదువు అప్పటికే అయిపోతుంది కాబట్టి ఇది న్యాయమే. చివరి నెలలో చెబితే మాత్రం ఇంట్లో గొడవవుతుంది. వచ్చే సెలవుల్లోనే నాన్నగారితో కూర్చుని చెప్పండి. పొగాకు రైతుకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. నారు పోసిన దగ్గర్నుంచి బ్యారన్‌లో ఆకు కాల్చేదాకా ఖర్చే తప్ప రాబడి ఉండదు, వేలం కేంద్రంలో బేళ్ళు అమ్ముడయ్యాకే డబ్బు కనిపిస్తుంది. మీ రెండేళ్ళూ అలాంటివేనని చెబితే ఆయనకు అర్థమవుతుంది. పెళ్ళి మాట వస్తే, ఈ డబ్బు పెళ్ళి ఖర్చుది కాదని కూడా అప్పుడే చెప్పేయండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి? మూడు నెలల ఖర్చు, 45,000, మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆలస్యమవడం మీకు తెలిసిందే. మిగతాది చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టి, ఫెలోషిప్ ఆగాక మూడు నెలలకొకటి చేతికొచ్చేలా వేయండి. ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, అందుకని రెండు బ్యాంకుల్లో వేస్తే నిశ్చింత. షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో ఈ డబ్బు పెట్టొద్దు. రెండేళ్ళలో తినాల్సిన డబ్బు అది.

గెస్ట్ లెక్చరర్ సంగతి. ఫెలోషిప్ తీసుకుంటూ జీతం వచ్చే ఇంకో పని చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు, కాబట్టి ఇప్పుడు ఆ ఊసే వద్దు. ఫెలోషిప్ అయ్యాక పని కావాలంటే, పాఠాలు చెప్పడం కంటే మీ లక్ష్యానికి దగ్గరగా ఉన్నవి వెతకండి. మీ అంశానికి హైదరాబాదులోనే రెండు మంచి చోట్లు ఉన్నాయి: రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ, బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం). ఇలాంటి సంస్థల్లో ప్రాజెక్టుల మీద పరిశోధకులను తీసుకుంటుంటారు. నీతి ఆయోగ్, కేంద్ర మంత్రిత్వ శాఖలు యంగ్ ప్రొఫెషనల్స్‌ను, కన్సల్టెంట్లను కాంట్రాక్టు మీద తీసుకుంటాయి. మన రాష్ట్రంలో పొదుపు సంఘాల పని చూసే సెర్ప్ కూడా ఉంది.

మీ అంశాన్ని తక్కువగా చూడకండి. 1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ కదలిక వెంటే మన జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు ఊరూరా లేచాయి. అక్షరాస్యత పాఠాల దగ్గర మొదలైన మాట ప్రభుత్వ నిర్ణయం దాకా ఎలా వెళ్ళిందో మీ సొంత జిల్లాలోనే మీరు చదివారు. కాంట్రాక్టు పనికి దరఖాస్తు పెట్టేటప్పుడు మూడొందల పేజీల థీసిస్ పంపకండి. మీ పరిశోధనలో తేలిన ఒక్క సంగతిని తీసుకుని, దానివల్ల ప్రభుత్వం ఏం మార్చాలో రెండు పేజీల్లో, అధికారికి అర్థమయ్యేలా రాసి పంపండి. ఫెలోషిప్ ఉన్న ఈ నెలల్లోనే అలాంటివి రెండు మూడు రాసి పెట్టుకోండి.

కాంట్రాక్టు జీతం చూడ్డానికి బాగుంటుంది కానీ దాని వెనక పెన్షన్ ఉండదు, గడువు తీరితే ఎవరూ ఆపరు. వచ్చినదాంట్లో మూడో వంతు పక్కన పెట్టేయాలి. ఫెలోషిప్ స్కాలర్‌షిప్ కిందికి వస్తుంది కాబట్టి దాని మీద పన్ను లేదు, కన్సల్టెంట్ ఫీజు మీద ఉంటుంది. సాధారణంగా 10 శాతం ముందే కోసుకుని ఇస్తారు. కొత్త పన్ను విధానంలో ఏడాది ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను పడదు. కాబట్టి రిటర్ను వేసి ఆ కోసిన డబ్బు వెనక్కి తెచ్చుకోండి. చాలామంది కుర్రాళ్ళు ఇది వదిలేస్తున్నారు.

ఆలస్యంగా చేరితే పెన్షన్ పోతుందేమోనని భయపడేవాళ్ళు కూడా ఉంటారు. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఏకీకృత పెన్షన్ పథకాన్ని ఎంచుకుంటే, కేంద్ర ఉద్యోగికి 25 ఏళ్ళ సర్వీసు ఉంటే చివరి ఏడాది సగటు మూల వేతనంలో సగం పెన్షన్‌గా వస్తుంది. మీరు 33వ ఏట చేరినా 60కి 27 ఏళ్ళ సర్వీసు ఉంటుంది. రెండేళ్ళు పోయాయని దిగులు పడకండి. అయితే మూడు పరీక్షలూ అయ్యాక, రెండేళ్ళ డబ్బులో 60,000 మిగిలిన రోజున ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరిపోవాలి. అది కళాశాల అయినా సరే. ఈ మాట ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, అప్పుడైతే మనసు ఒప్పుకోదు.

చీటీ అయిపోయాక మూడు నెలలు ఆ 10,000 మిగులుతుంది. ఆ 30,000తో అమ్మానాన్నలకు, మీకు కలిపి ఆరోగ్య బీమా తీసుకోండి. నాన్నగారి బీపీ, షుగరు ఏమున్నా దాచకుండా రాయించండి.

మీ బంధువు చెప్పిన పాలసీ వద్దు. ఏడాదికి 60,000 చొప్పున ఏళ్ళ తరబడి కట్టాలంటే ఏటా ఆదాయం ఉండాలి, మీకు రాబోయే రెండేళ్ళూ అది ఖాయం కాదు. మధ్యలో ఆపితే కట్టినదాంట్లో చాలా పోతుంది. పన్ను ఆదా అవుతుందని కూడా చెప్పి ఉంటారు, అసలు పన్నే లేని ఆదాయానికి ఆదా ఏముంది? ఉద్యోగంలో చేరి, నాన్నగారి పంట అప్పులకు మీరు హామీ ఉండాల్సి వస్తే అప్పుడు టర్మ్ పాలసీ తీసుకుందురుగాని. ఆయనకు మొహమాటపడి మొదటి ప్రీమియం కట్టి ఉంటే వెంటనే రాయండి. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చే వీలుంది.