రాగి గుండిగకు మళ్లీ కళాయి

ప్రశ్న: అటక మీద అమ్మమ్మ కాలం నాటి రాగి గుండిగ దొరికింది. లోపల కళాయి అక్కడక్కడా పోయి ఎర్రగా కనబడుతోంది. అంచుకు పచ్చగా చిలుము పట్టింది. తోమేసి వండుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దండి. చింతపండు, ఉప్పు వేసి తోమితే చిలుము పోతుంది గానీ పోయిన కళాయి రాదు. చారు, పులుసు, మజ్జిగ లాంటివి వట్టి రాగికి తగిలితే పులుపుకి రాగి కరిగి వంటలోకి దిగుతుంది. మోతాదు మించితే వాంతులు, కడుపునొప్పి. మంచినీళ్లు రాత్రంతా ఉంచితే ఇబ్బంది లేదు, అందులో నిమ్మకాయ మాత్రం పిండకండి.

కళాయి అంటే తగరం పూత. ముందు పాత్రను ఎర్రటి రాగి తేలేదాకా తోమాలి. కొలిమి మీద వేడెక్కాక నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లి దూదితో రుద్దాలి. లోహం మీది ఆక్సైడ్ పొరను తీసేది అదే. లేచే తెల్ల పొగ పీల్చకూడదు. వెంటనే తగరం కడ్డీ తాకించి, కరిగినదాన్ని దూదితో లోపలంతా పులమాలి. నల్లమచ్చలు మిగిలితే అక్కడ మురికి పోలేదని అర్థం. తగరం అంటదు, మళ్లీ తోమాల్సిందే.

అసలు చూసుకోవలసింది తగరాన్ని. సీసం కలిపినది చవక, కానీ విషం. కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచమనండి. మేలిమి తగరం కరకరమంటుంది. కాగితం మీద గీస్తే సీసం పాలు ఎక్కువున్నది బూడిదరంగు గీత పెడుతుంది.

రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు, తగరం 232కే కరుగుతుంది. అందుకే ఖాళీ గుండిగను పొయ్యి మీద పెట్టొద్దు, వేపుళ్లు అసలే వద్దు. స్టీలు పీచు బదులు కొబ్బరి పీచు వాడండి.

ప్రశ్న: వినుకొండ దగ్గరి అగ్నిగుండాలలో రాగి ఉందంటారు. రాయిలో రాగి ఎంతుంటుంది?
– ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: ఉంది. అక్కడ బండ్లమొట్టు సీసానికి, నల్లకొండ, ధూకొండ రాగికి పేరు. మధ్యప్రదేశ్‌లోని మలాజ్‌ఖండ్ లాంటి పెద్ద గనిలోనూ వంద కిలోల రాయికి వచ్చేది కిలో అటూఇటూ. రాయిని పిండి చేసి, నీళ్లలో నురుగు తెప్పిస్తే రాగి ఖనిజం బుడగలకు అంటుకుని పైకి తేలుతుంది. దాన్ని కొలిమిలో కరిగిస్తే 98–99 శాతం రాగి. కరెంటు తీగకు అది చాలదు, ద్రావణం ఉన్న తొట్టిలో కరెంటు పారించి, అంటే విద్యుద్విశ్లేషణతో, 99.99 శాతం చేస్తారు. తొట్టి అడుగున మిగిలే బురదలో వెండి, కాస్త బంగారం కూడా దొరుకుతాయి!