స్కాచ్ పాన్‌కేకులు ఉబ్బడం లేదు, ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో చదువుతున్నాడు. అక్కడ తిన్న స్కాచ్ పాన్‌కేకులు, అంటే మందంగా ఉబ్బే చిన్న తీపి రొట్టెలు, చేసిపెట్టమంటే చేశాను, పైన మాడి లోపల పచ్చిగా ఉంటున్నాయి, పైగా అట్టులా పరుచుకుపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: పిండి పల్చనైందండీ, పెనం కూడా బాగా కాలిపోయింది. 125 గ్రాముల మైదాకి ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ఒక గుడ్డు, రెండు చెంచాల పంచదార చాలు. పాలు మాత్రం 150 మిల్లీలీటర్లు దగ్గర పెట్టుకుని, గరిటె ఎత్తితే పిండి ధారగా కాకుండా ముద్దగా జారేదాకా కొద్దికొద్దిగా పోయండి, మొత్తం పట్టకపోయినా ఫర్వాలేదు. ఎక్కువ గిలక్కొట్టకండి. ఇది దోసెపిండి కాదు, నానబెడితే పొంగు పోతుంది, కలిపిన వెంటనే పోసేయాలి.

మందపాటి ఇనప పెనం మీద వెన్న పల్చగా రాసి, మధ్యస్థం మంటలో చెంచాడు పిండి వేసి, గరిటెతో పరచకుండా వదిలేయండి. పైన బుడగలు లేచి ఒక్కొక్కటీ పగులుతున్నప్పుడే తిప్పాలి, రెండోవైపు నిమిషం కూడా పట్టదు. తీసినవి పొడిగుడ్డలో చుట్టి ఉంచితే మెత్తగా ఉంటాయి, స్కాట్లండ్‌లోనూ ఇదే పద్ధతి. వెన్న, జామ్ రాసుకుని తింటారు.

అన్నట్టు, 1960లో ఎలిజబెత్ రాణి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఉత్తరంలో రాసి పంపిన వంటకం ఇదే! ఆవిడ లెక్క పదహారు మందికి, కాబట్టి మీరు దాని జోలికి పోకండి.