పెంట వేసిన మడికే డీఏపీ కూడా వేస్తున్నారా? భాస్వరం లెక్క ఒకసారి చూడండి

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. ఇంటి వెనక బోరు కింద ఎకరం వరి మడి, రెండు కిలోమీటర్ల అవతల ఎకరం ఎర్ర చెలక ఉన్నాయి. నాలుగు పాడి బర్రెలున్నాయి. పెంటంతా ఏటా వరి మడికే తోలుతున్నాం. దాంతోపాటు వానకాలం, యాసంగి రెండు పంటలకూ ఎకరానికి డీఏపీ బస్తా చొప్పున వేస్తున్నాం. అయినా యాసంగిలో నాటిన మూడు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి, పైరు ఎదగకుండా నిలబడిపోతోంది. చెలకలో వర్షాధారంగా వేరుశనగ వేసి అర బస్తా డీఏపీ వేస్తున్నాం, దిగుబడి అంతంతమాత్రమే. భూసార పరీక్ష కార్డులో భాస్వరం వరి మడిలో హెక్టారుకు 38 కిలోలు, చెలకలో 8 కిలోలు అని వచ్చింది. డీఏపీ పెంచాలా? పెంట వేస్తే డీఏపీ మానేయవచ్చా?

జవాబు: వరి మడిలో డీఏపీ పెంచకండి, తగ్గించండి. పెంటను ఈ ఏడాది నుంచి చెలకకు తోలండి. మీకున్న భాస్వరం తక్కువేమీ కాదు. అదంతా ఇంటి వెనక మడిలోనే పోగుపడుతోంది.

ముందు కార్డు చదవడం గురించి ఒక మాట. కార్డులో రాసేది మూలకం రూపంలో ఉన్న భాస్వరం, అదీ హెక్టారుకు. బస్తా మీద రాసేది ఆక్సైడు రూపంలో లెక్క. కార్డు అంకెను 2.29తో గుణించి, రెండున్నరతో భాగిస్తే ఎకరానికి బస్తా లెక్కలో ఎంతో తెలుస్తుంది. మీ వరి మడిలో 38 అంటే ఎకరానికి దాదాపు 35 కిలోలు. 24 దాటితేనే ఎక్కువ కింద లెక్క. చెలకలో 8 అంటే ఎకరానికి 7 కిలోల పైచిలుకు. 10 లోపు ఉంటే తక్కువ. ఇక్కడి నుంచి అన్నీ బస్తా లెక్కలోనే చెబుతాను.

ఇప్పుడు మీ మడి జమాఖర్చు. డీఏపీలో 46 శాతం భాస్వరం ఉంటుంది, 50 కిలోల బస్తాలో 23 కిలోలు. రెండు పంటలకు 46 కిలోలు. బర్రె రోజుకు 15 కిలోలు పేడ వేస్తుందనుకుంటే నాలుగింటికీ కలిపి ఏడాదికి 22 టన్నుల పచ్చి పేడ. మాగి, ఆరి, కొంత పిడకలకు పోగా పది టన్నుల ఎరువు మిగులుతుంది. టన్ను పశువుల ఎరువులో సగటున 2 కిలోల భాస్వరం, అంటే మరో 20 కిలోలు. మొత్తం జమ 66 కిలోలు. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండితే, గడ్డితో కలిపి పైరు తీసుకునేది 15 కిలోల చుట్టూ. రెండు పంటలకు 30. ఏటా ముప్పై అయిదు కిలోల దాకా మిగిలిపోతోంది. నత్రజనిలా ఇది గాలిలో కలవదు, నీటితో పెద్దగా దిగదు. మట్టిని పట్టుకుని కూర్చుంటుంది.

పెంట విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బర్రె తిన్న భాస్వరం పాలలోకి పోగా మిగిలింది దాదాపు అంతా పేడలోకే వస్తుంది. పొటాష్‌లో ఎక్కువ భాగం, నత్రజనిలో సగం దాకా మూత్రంలో పోతాయి. కొట్టంలో మట్టినేల ఉంటే మూత్రం ఇంకిపోతుంది. కుప్పను ఆరుబయట పోసి వానకు వదిలేస్తే నత్రజని కొంత ఆవిరవుతుంది, కొంత పొటాష్‌తో కలిసి కుప్ప కింద నుంచి నల్లనీరుగా కారిపోతుంది. భాస్వరం మాత్రం కుప్పలోనే ఎక్కువగా నిలుస్తుంది. అందువల్ల ఏడాదిపాటు ఎండకు, వానకు నానిన పెంటను నత్రజని కోసం ఎంత ఎక్కువ వేస్తే, అవసరం లేని భాస్వరం అంత ఎక్కువ పడుతుంది.

పైగా మీరు పాడి బర్రెలకు తవుడు, పత్తి చెక్క పెడుతూ ఉంటారు. కిలో తవుడులో, మూలకం లెక్కన, 12 నుంచి 15 గ్రాముల భాస్వరం ఉంటుంది. లీటరు పాలలో పోయేది ఒక గ్రాము పైచిలుకు. అంటే దాణా బస్తా కొన్న ప్రతిసారీ మీరు కొంత ఎరువు కూడా కొంటున్నారు, రసీదు మాత్రం దాణా పేరున ఉంటుంది. గడ్డి మాత్రమే తినే పశువుల పేడకు టన్నుకు 2 కిలోల లెక్క సరిపోతుంది. దాణా బాగా తినే బర్రెల పేడలో అంతకు రెండింతలు ఉన్నా ఆశ్చర్యం లేదు. కాబట్టి నేను వేసిన 20 కిలోలు తక్కువ లెక్కే అనుకోండి. (కోళ్ల ఎరువు తోలించే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. టన్నులో పాతిక కిలోల దాకా, అంటే డీఏపీ బస్తాను మించి ఉంటుంది.)

తుప్పు మచ్చల సంగతికి వద్దాం. మీరు చెప్పిన లక్షణాలు జింకు లోపానివి. ముదురాకుల మీద మధ్య ఈనెకు ఇరుపక్కలా తుప్పు రంగు మచ్చలు ఉన్నాయా, ఆకు వంచితే పెళుసుగా చప్పుడుతో విరుగుతోందా, యూరియా చల్లినా పచ్చబడటం లేదా, చూడండి. మూడూ ఉంటే అనుమానం అక్కర్లేదు. నేలలో భాస్వరం మితిమీరితే మొక్క జింకును సరిగా తీసుకోలేదు, తీసుకున్నదీ వేర్ల దగ్గరే ఆగిపోతుంది. యాసంగి చలి దీన్ని ఇంకా పెంచుతుంది. భాస్వరం చాలని పైరు తీరు వేరు: ఆకులు ముదురాకుపచ్చగా సన్నగా నిటారుగా నిలుస్తాయి, పిలకలు రావు. మీ మడిది అది కాదు. పైరు ఎదగట్లేదని మరో బస్తా డీఏపీ పైపాటుగా చల్లితే రోగాన్ని మేపినట్టే. అసలు భాస్వరాన్ని పైపాటుగా చల్లడమే దండగ. అది వేసిన చోటి నుంచి రెండంగుళాలు కూడా కదలదు, వేర్లదాకా చేరదు.

ఇప్పుడున్న పైరుకు లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి అయిదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. అందులో పురుగుమందులు కలపకండి. వచ్చే పంటకు ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్‌ను ఆఖరి దమ్ములో వేయండి. మూడు పంటలకోసారి వేస్తే చాలు. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం చల్లకూడదు. రెండూ కలిస్తే నీటిలో కరగని జింక్ ఫాస్ఫేట్‌గా మారి, డబ్బు పెట్టి కొన్న రెండు మందులూ మట్టిపాలవుతాయి. కనీసం మూడు రోజుల ఎడం ఉంచండి.

వరి మడిలో భాస్వరం ఎంత తగ్గించాలి? సిఫారసు ఎకరానికి 24 కిలోలు. నిల్వ ఎక్కువున్న నేలలో 30 శాతం తగ్గించమని సాధారణ సూత్రం, అంటే 17 కిలోలు. మీ మడికి నేనింకొంచెం ముందుకు వెళ్లి, వానకాలంలో అసలు మానేయమంటాను. నీరు నిలిచిన మడిలో గాలి అందక ఇనుము రూపం మారుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న భాస్వరం విడుదలవుతుంది. వేడి ఉన్న వానకాలంలో ఇది చురుగ్గా సాగుతుంది కాబట్టి నిల్వే పైరును సాకుతుంది. యాసంగిలో చలికి ఈ పని మందగిస్తుంది, వేర్లూ నెమ్మదిగా సాగుతాయి. అప్పుడు మాత్రం 16 కిలోలు, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రెండు బస్తాలు ఆఖరి దమ్ములో వేయండి. యాసంగిలో వరి మాని మక్క వేస్తే ఈ లెక్క చెల్లదు. మడి ఆరాక విడుదలైన భాస్వరాన్ని ఇనుము మళ్లీ పట్టేస్తుంది. ఆరుతడి పంటకు అడుగుమందు తప్పదు.

చాలామంది భాస్వరం తగ్గించి, మళ్లీ భయపడి డీఏపీకి తిరిగి వెళ్లేది ఇక్కడే. డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని కూడా ఉంటుంది. బస్తా మానేసి ఊరుకుంటే మొదటి మూడు వారాల్లో పైరు పాలిపోతుంది. 'డీఏపీ లేక ఇలా అయింది' అనుకుంటారు. అయింది నత్రజని లేక. డీఏపీ తీసేసిన ప్రతి బస్తాకూ బదులు 20 కిలోల యూరియా అదనంగా వేసుకోండి.

ఎకరానికి 2 కిలోల ఫాస్ఫేటు కరిగించే బ్యాక్టీరియాను 200 కిలోల మాగిన ఎరువులో కలిపి ఈ మడిలోనే వాడండి. అది భాస్వరాన్ని తయారు చేయదు, నేలలో బిగుసుకున్నదాన్ని కరిగిస్తుంది. కరిగించడానికి సరుకున్నది ఇక్కడే. చెలకలో దాని మీద ఆధారపడి ఎరువు తగ్గించకండి.

చెలక సంగతి. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు కరిగిన భాస్వరాన్ని వెంటనే పట్టేస్తాయి. వేసినదాంట్లో తొలి పంటకు అందేది అయిదో వంతు కూడా ఉండదు. మీరు వేసే అర బస్తా డీఏపీలో ఉన్నదే పదకొండున్నర కిలోలు. వేరుశనగ సిఫారసు 16, నిల్వ తక్కువ కాబట్టి మరో 30 శాతం కలిపి దాదాపు 21. ఇందులో నాలుగు టన్నుల పశువుల ఎరువు నుంచి 8 కిలోలు వస్తాయి, తొలి ఏడాదికి సగమే లెక్కలోకి తీసుకోండి. మిగతా దాదాపు 17 కిలోలకు సూపర్ రెండు బస్తాలు (16 కిలోలు) సరిపోతాయి. ఇక్కడ డీఏపీ కంటే సూపరే మేలు. అందులో 11 శాతం గంధకం, ఇంకా కాల్షియం ఉంటాయి. నూనెగింజకు, ఊడలకు రెండూ కావాలి. డీఏపీ నుంచి వచ్చే నత్రజని ఉండదు కనుక 18 కిలోల యూరియా అడుగుమందుగా వేయండి. పూత దశలో వేసే జిప్సం దాని లెక్క దానిదే, మానకండి.

వీలైతే ఆ రెండు బస్తాల సూపర్‌ను 300 కిలోల మాగిన ఎరువులో పొరలు పొరలుగా కలిపి, తడిపి, పైన మట్టి మెత్తి నెల రోజులుంచి విత్తే ముందు సాళ్లలో వేయండి. ఎరువులోని సేంద్రియ ఆమ్లాలు ఇనుము మీది ఖాళీలను ముందే ఆక్రమిస్తాయి. సూపర్ నేరుగా ఎర్రమట్టికి తగలదు కాబట్టి ఎక్కువ కాలం వేర్లకు అందుతుంది. పచ్చి పేడతో ఈ పని చేయకండి. చెదలు పడతాయి.

రెండు కిలోమీటర్లు ట్రాక్టరు కిరాయి దండగ అనిపించవచ్చు. మిగిలే డీఏపీ బస్తాల ధరతో పోల్చి చూడండి. అన్నీ ఒకే ఏడాది తోలలేకపోతే సగం సగం తోలండి. కొట్టంలో నేలను గచ్చు చేసి మూత్రాన్ని గుంతలోకి మళ్లించి, పెంటను మీటరు లోతు గుంతలో నీడన పోస్తే అదే ఎరువు నత్రజని, పొటాష్‌ల విషయంలో కూడా పనికొస్తుంది.

రెండేళ్ల తర్వాత యాసంగి కోత కాగానే, పెంట తోలక ముందే మళ్లీ పరీక్ష చేయించండి. రెండు పొలాలకు వేర్వేరుగా, ఎకరంలో ఎనిమిది పది చోట్ల ఆంగ్లపు వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి మట్టి సేకరించండి. పాత పెంటకుప్పలు పోసిన చోటు, గట్ల పక్క, చెట్ల నీడ వదిలేయండి. కుప్ప పోసిన జాగాలోని ఒక్క పిడికెడు మట్టి కలిసినా మొత్తం నమూనాలో భాస్వరం ఎక్కువ చూపిస్తుంది.