ప్రశ్నలు – జవాబులు: ఫుట్‌బాల్ క్లబ్బుకు ఎలాంటి స్టేడియం?

ప్రశ్న: గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూశాను. టీవీలో యూరప్ మ్యాచ్‌లు చూస్తే వచ్చే ఊపు అక్కడ రాలేదు. గోల్ వెనక కూర్చుంటే బంతి ఎక్కడుందో కూడా సరిగా తెలియలేదు. జనం పలచగా ఉండటం వల్లేనా? – ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: జనం కిక్కిరిసినా మీకూ బంతికీ మధ్య దూరం తగ్గదు. అది అథ్లెటిక్స్ ట్రాక్ ఉన్న మైదానం. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదిక. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్‌లో 8 లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్లు. బయటి అంచులు పట్టి కొలిస్తే పొడవు దాదాపు 177 మీటర్లు, వెడల్పు 92.5 మీటర్లు. అందులో 105 × 68 మీటర్ల ఫుట్‌బాల్ పిచ్ వేసి చూడండి. పక్కల 12 మీటర్ల చొప్పున మిగులుతుంది, గోల్ వెనక మాత్రం 36 మీటర్లు. నడవా, కంచె కూడా కలిపితే మొదటి వరుసే 40 మీటర్ల అవతలికి పోతుంది. అక్కడ కూర్చున్నవారికి అవతలి గోల్ 145 మీటర్ల దూరం. ఫుట్‌బాల్ చూడటానికి 150 మీటర్లు దాటకపోతే మంచిది, 190 దాటనే కూడదు అని డిజైనర్ల లెక్క. అంటే మొదటి వరుసలోనే ఆ మంచి దూరమంతా అయిపోయింది, ఇక వెనక వరుసల సంగతి చెప్పేదేముంది!

కార్నర్ జెండా దగ్గర ఇంకో తంటా. ట్రాక్ వంపు అక్కడ పిచ్ మూలకు మీటరు దూరంలోకి వచ్చేస్తుంది. కార్నర్ కొట్టే ఆటగాడు సింథటిక్ ట్రాక్ మీద పరుగు మొదలుపెట్టి పచ్చిక మీదికి రావాలి. బూటు స్టడ్లు ట్రాక్‌లో దిగవు, కాలు జారుతుంది. అందుకే మ్యాచ్ రోజు ఆ మూలల్లో కృత్రిమ పచ్చిక పట్టాలు పరుస్తారు.

ఇటలీలో యువెంటస్ క్లబ్బు ఈ బాధ బాగా పడింది. 1990 ప్రపంచ కప్‌కు కట్టిన డెల్లె ఆల్పి స్టేడియంలో ట్రాక్ ఉండేది, సీట్లు 70 వేలకు దగ్గర. చాలా మ్యాచ్‌లకు సగం కూడా నిండేది కాదు. చివరికి దాన్ని పడగొట్టి, అదే చోట 2011లో 41 వేల సీట్ల సొంత స్టేడియం కట్టుకున్నారు. సీట్లు తగ్గించి కట్టడం వెనకడుగు అనుకునేవాళ్లు ఈ ఉదాహరణ చూడాలి. ట్రాక్ తీసే వీల్లేకపోతే గోల్ వెనక ట్రాక్ మీదే విడదీసే తాత్కాలిక స్టాండ్లు వేసుకోవచ్చు. అంబులెన్స్ దారి మాత్రం మూయకూడదు. లండన్ స్టేడియంలో వెస్ట్ హామ్ క్లబ్బు కోసం ట్రాక్ మీదికి సీట్లనే ముందుకు జరిపే ఏర్పాటు చేశారు కానీ, వాటిని జరపడానికే రోజులు పట్టేవి, మిలియన్ల పౌండ్లు ఖర్చయ్యేవి.

ప్రశ్న: గ్యాలరీ మెట్టు ఎత్తు ఎలా నిర్ణయిస్తారు? అన్నీ ఒకే ఎత్తు పెడితే నష్టమేంటి? – సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందువాడి తల మీదుగా వెనకవాడికి టచ్‌లైన్ (పిచ్ పక్క గీత) కనబడాలి. వెనకవాడి చూపు ముందువాడి కంటికి ఎంత పైనుంచి పోతుందో దాన్ని ‘సీ విలువ’ అంటారు. 6 సెంటీమీటర్లుంటే మెడ సాచి చూడాలి, 9 ఉంటే బాగుంటుంది, 12 అయితే టోపీ పెట్టుకున్నవాడు ముందున్నా ఫరవాలేదు.

లెక్క సులువే. ముందువాడి కంటి ఎత్తుకు మెట్టు ఎత్తు కలపండి. దాన్ని టచ్‌లైన్ నుంచి ముందువాడి దూరంతో గుణించి, వెనకవాడి దూరంతో భాగించండి. వచ్చినదాంట్లోంచి ముందువాడి కంటి ఎత్తు తీసేయండి. మిగిలిందే సీ విలువ.

మొదటి వరుసలో కన్ను 10 మీటర్ల దూరంలో, 2 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మెట్టు 30 సెం.మీ. ఎత్తు, 80 సెం.మీ. లోతు. 2.3ను 10తో గుణించి 10.8తో భాగిస్తే 2.13. సీ విలువ 13 సెం.మీ. భేష్. ఇదే మెట్టుతో 20 వరుసలు ఎక్కండి. ఇప్పుడు ముందువాడి కన్ను 26 మీటర్ల దూరంలో, 8 మీటర్ల ఎత్తులో ఉంది. 8.3ను 26తో గుణించి 26.8తో భాగిస్తే 8.05. అంటే సీ విలువ 5 సెం.మీ. మిగిలింది. టికెట్ కొన్నవాడికి ముందువాడి తలకాయ తప్ప ఆట కనబడదు. అక్కడ 9 కావాలంటే మెట్టు 34 సెం.మీ. ఉండాలి. అందుకే మంచి గ్యాలరీ పైకి పోయేకొద్దీ నిటారవుతుంది. ప్రతి వరుసకూ ఒక కొత్త అచ్చు పోయడం ఖర్చు కనుక, నాలుగైదు వరుసలకు ఒక ఎత్తు చొప్పున మారుస్తారు. లెక్క మాత్రం ప్రతి గుంపులో ఆఖరి వరుసకు చూడాలి, ఎక్కువ దెబ్బ తినేది అదే. వాలు 34 డిగ్రీలు దాటకూడదని బ్రిటన్‌లో పాటించే స్టేడియం భద్రతా పుస్తకం ‘గ్రీన్ గైడ్’ నిబంధన.

విద్యార్థుల డ్రాయింగుల్లో ఎక్కువగా మరిచిపోయేది ప్రకటనల బోర్డు. టచ్‌లైన్‌కు 4 మీటర్ల దూరంలో మీటరు ఎత్తు బోర్డు పెడితే, 10 మీటర్ల దూరంలో ఉన్న కన్ను 2.5 మీటర్ల ఎత్తులో ఉంటేనే టచ్‌లైన్ కనిపిస్తుంది. మనం తీసుకున్న 2 మీటర్లు చాలవు! కూర్చున్నవాడి కన్ను నేలకు 1.2 మీటర్ల ఎత్తు అనుకుంటే, మొదటి వరుస నేలను పిచ్‌కన్నా 1.3 మీటర్లు లేపాలి. ముందు దీన్ని తేల్చుకుని తర్వాతే మెట్ల లెక్కకు దిగండి. మొదటి వరుస ఎత్తు మారితే పైనున్న వరుసలన్నీ మారిపోతాయి.

ప్రశ్న: మా పట్టణంలో స్థలం తూర్పు–పడమరలుగా పొడవుంది. పిచ్ అలాగే వేయొచ్చా? – ఖమ్మం

జవాబు: వేయకండి. మనవైపు మ్యాచ్‌లు ఎక్కువగా సాయంత్రాలే. పడమటి గోల్‌మీదికి దాడి చేసేవాళ్లకూ, తూర్పు గోల్ కీపర్‌కూ ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. ఉత్తర–దక్షిణంగా వేయండి, 15 డిగ్రీలు అటూ ఇటూ అయినా నష్టం లేదు.

ప్రశ్న: మా ఫ్రిస్కోలో ఎఫ్‌సీ డాలస్ స్టేడియం 20 వేల సీట్లది. ఆర్లింగ్టన్‌లో 80 వేల సీట్ల ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) స్టేడియం ఉండగా ఇంత చిన్నది ఎందుకు కట్టారు? – ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: 80 వేల సీట్లలో 20 వేల మంది కూర్చుంటే స్టేడియం బోసిపోతుంది. పైగా ఎప్పుడైనా టికెట్ దొరుకుతుందని తెలిస్తే సీజన్ టికెట్ ఎవరు కొంటారు? అద్దెకుంటే ఇంటివాళ్లు తేదీలు ఇచ్చాకే మ్యాచ్. పార్కింగ్, తిండి అమ్మకాల డబ్బులో పెద్ద వాటా వాళ్లదే. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానం వెడల్పు 49 మీటర్లలోపే, ఫుట్‌బాల్‌కు 68 కావాలి. మూలల్లో సీట్లు తీసేయాలి, లేదా పిచ్ కుదించాలి. ఎఫ్‌సీ డాలస్ లాంటి క్లబ్బులు ఆడే ఎంఎల్‌ఎస్ లీగ్ 1996లో మొదలైనప్పుడు క్లబ్బులన్నీ ఇలా పెద్ద స్టేడియాల్లో సర్దుకున్నవే. ఆ లీగ్ కోసమే కట్టిన మొదటిది కొలంబస్‌లో 1999లో వచ్చింది. మీ ఫ్రిస్కోది 2005.

అయితే సొంతమైతే చాలదు, ఎక్కడ కట్టామన్నది అంతకన్నా ముఖ్యం. షికాగో ఫైర్ 2006లో బ్రిడ్జ్‌వ్యూ శివారులో 20 వేల సీట్ల స్టేడియానికి వెళ్లింది. అక్కడికి రైలు లేదు. ఒప్పందంలోంచి బయటపడటానికి 2019లో దాదాపు 6.5 కోట్ల డాలర్లు కట్టి, మళ్లీ ఊరి మధ్యలోని సోల్జర్ ఫీల్డ్‌కే చేరింది. న్యూయార్క్ సిటీ క్లబ్బుది ఇంకో కథ: 2015 నుంచి యాంకీ స్టేడియంలో, బేస్‌బాల్ మట్టి మీద పచ్చిక కప్పి, 110 × 70 గజాల ఇరుకు పిచ్‌లో ఆడుతోంది. పక్కకు విస్తరించి ఆడే జట్టుకు ఆ వెడల్పు చాలదు. సియాటిల్, అట్లాంటా క్లబ్బులు మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియాలను జనంతో నింపుతున్నాయి; రెండూ ఊరి నడిబొడ్డున, రైలుకు దగ్గర. అలాంటి జనం ఉంటే పెద్ద స్టేడియం తప్పు కాదు.

ప్రశ్న: 20 వేల మందికి ఎన్ని గేట్లు, ఎంత వెడల్పు మెట్లు కావాలి? – మున్సిపల్ ఇంజినీరు, విజయవాడ

జవాబు: ఒక టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరిగే గేటు) గంటకు 660 మందికి మించి పంపలేదని లెక్కవేయండి. 20 వేలకు గంటలో 31 కావాలి. టికెట్ ఫోన్‌లో ఉంటే తెర వెలగకో, నెట్ రాకో ఆలస్యమవుతుంది, కనుక 35 పెట్టుకోండి. బయటికి పంపడం 8 నిమిషాల్లో పూర్తవ్వాలి. మీటరు వెడల్పు మెట్ల మీదుగా నిమిషానికి 66 మంది చొప్పున 8 నిమిషాల్లో 528 మంది దిగుతారు. మొత్తం 38 మీటర్ల మెట్లు, అంటే 1.2 మీటర్లవి 32 దారులు. టికెట్ల తొలి విడత తనిఖీ గేటుకు దూరంగా, బయటే జరగాలి. 2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది చనిపోయింది గేట్ల దగ్గరి తొక్కిసలాటలోనే.

ప్రశ్న: గ్యాలరీలన్నిటికీ పైకప్పు వేస్తే గడ్డి పెరుగుతుందా? మాది నల్లరేగడి నేల. – గుంటూరు

జవాబు: మన వేడికి సరిపోయేది బెర్ముడా గడ్డి. వినాయక చవితికి కోసుకొచ్చే గరికకు మెరుగైన రకాలే అవి. దానికి రోజూ 6–8 గంటల ఎండ పడాలి, నీడను ఓర్చుకోదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి దక్షిణ స్టాండ్ కింద గోల్ ముందు గడ్డి మొదట పలచబడుతుంది. ఆ పక్క కప్పు అంచుకు వెలుతురు పోయే షీట్లు వాడండి. మూలలు మూసేయకండి, గాలి ఆడకపోతే తేమ నిలిచి తెగులు పడుతుంది.

నల్లరేగడి మీద నేరుగా వేస్తే వానకు బురద, ఎండకు నెర్రెలు. మట్టి తవ్వి తీసి, అడుగున డ్రైనేజీ పైపులు, వాటిపై 10 సెం.మీ. కంకర, ఆపైన 30 సెం.మీ. ఇసుక ప్రధానంగా ఉన్న పొర వేయాలి. నది ఇసుక జల్లెడ పట్టకుండా వాడితే సన్నటి ఒండ్రు కిందికి దిగి కంకర సందులు పూడ్చేస్తుంది, రెండో వానాకాలానికే నీళ్లు నిలుస్తాయి. డబ్బుంటే హైబ్రిడ్ పిచ్ చేయించండి: 18 సెం.మీ. లోతున ప్లాస్టిక్ పోగులు కుట్టుకుంటూ పోతారు, మొత్తం పచ్చికలో అవి 5 శాతమే. వేర్లు వాటిని చుట్టుకుని పట్టు పెరుగుతుంది. అలాగని ఎండ అవసరం తగ్గదు.